పంపు ఎందుకు పని చేయలేదు? – లింగంపల్లిలో నేర్చుకున్న ప్రాజెక్టు పాఠము



మిత్రులారా! పోయిన సంవత్సరము జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు మనం తీసుకుపోయిన నీటి పంపు సంగతి మీకందరికీ తెలుసు. కొత్తగా చేరిన ఐదో తరగతి తమ్ముళ్లకు తెలియదు కాబట్టి మళ్లీ చెప్తున్నాను. కరెంటు లేకుండా, డీజిలు లేకుండా, పారే నీటి వేగంతోనే ఆ నీటిని పైకి ఎక్కించే పంపు అది. దానిని హైడ్రాలిక్ ర్యామ్ అంటారు. పైనుంచి గొట్టంలో దిగి వచ్చే నీరు ముందు ఒక వాల్వు గుండా బయటికి పోతుంది. వేగం పెరిగాక ఆ నీరే ఆ వాల్వును టక్కున మూసేస్తుంది. కదిలే నీరు ఒక్కసారిగా ఆగేసరికి ఒత్తిడి పుట్టి, రెండో వాల్వు తెరుచుకొని కొంచెం నీరు పైకి పోతుంది. మళ్లీ మొదటి వాల్వు తెరుచుకుంటుంది. ఎక్కువ నీరు కిందికే పోతుంది, కొంచెమే పైకి ఎక్కుతుంది. అయితేనేం, పైసా ఖర్చు లేదు. మా ఊర్లో వాగు కింద ఉంటది, ఇండ్లు గుట్ట మీద ఉంటాయి. అందుకే నాకు ఆ పంపు మీద అంత ఆశ.

నలుగురం పని పంచుకున్నాము. ఒకరు గొట్టాలు, ఒకరు వాల్వులు, ఒకరు చార్టు, నేను ఉపన్యాసము. వారం ముందే నలుగురం "అయిపోయింది సార్" అన్నాము. బయలుదేరే ముందు రోజు రాత్రి పది గంటలకు మొట్టమొదటిసారి అన్నీ కలిపి నీళ్లు పోశాము. వాల్వు మూసుకోలేదు. మరునాడు జడ్జి గారు వచ్చినప్పుడు నేను ఉపన్యాసము ఒక్క తప్పు లేకుండా చెప్పాను. పంపు మాత్రం బల్లను తడిపింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవ్వరం మాట్లాడలేదు. వాల్వులు చేసిన నా మిత్రుడు ఈ సంవత్సరము ప్రదర్శనకు రానే రాను అంటున్నాడు. తప్పంతా తనదే అనుకుంటున్నాడు. అది వాడి తప్పు కాదు అని లెక్క వేసి చూపించడానికే ఈ వ్యాసము రాస్తున్నాను. నాకు తెలిసినంత వరకే రాశాను, పొరపాట్లు ఉంటే మన్నించగలరు.

లింగంపల్లి

ఎండాకాలం సెలవులలో పది రోజులు లింగంపల్లిలో మా పెద్దనాయన కొడుకు దగ్గర ఉన్నాను. అన్న కూడా మన బడిలోనే చదివిండు. ఇప్పుడు ఒక కంప్యూటర్ కంపెనీలో టెస్టరు. టెస్టరు అనగా, వేరేవాళ్లు "అయిపోయింది" అన్న పనిని వాడి చూసి, నిజంగా అయిపోయిందా లేదా అని చెప్పేవాడు.

లింగంపల్లి హైదరాబాదుకు పడమటి వైపున ఉంటుంది. ఒక పక్క బి.హెచ్.ఇ.ఎల్., ఒక పక్క సెంట్రల్ యూనివర్సిటీ. 2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు మొదలైనప్పటి నుండి వాటికి లింగంపల్లి ఒక కొస. పొద్దున రైలెక్కితే చందానగర్, హఫీజ్‌పేట్, ఆ తర్వాత హైటెక్ సిటీ. ఆ స్టేషన్‌లో దిగే జనాన్ని చూస్తే మన సంత గుర్తుకు వస్తుంది, కాకపోతే అందరి మెడలో ఒక బిళ్ల వేలాడుతుంటది. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్ అనే గుండ్రటి భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించారు. అప్పటినుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు అంతా ఇవే ఆఫీసులు.

పంపు కథంతా అన్నకు చెప్పాను. అన్న ఒక్కటే అడిగిండు. "అన్ని కలిపి మొదటిసారి ఎప్పుడు చూసిన్రు?"

"ముందు రోజు రాత్రి."

"మరి వారం ముందు అయిపోయిందన్నది ఏంది?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు అన్న కాగితము, పెన్సిలు తీసిండు.

ప్రాజెక్టు అనగా నేమి?

మొదలూ చివరా ఉన్న పని, ఇదివరకు అచ్చం అట్లాగే చేయని పని ప్రాజెక్టు అనబడును. రోజూ హాస్టల్‌లో వంట చేయడం ప్రాజెక్టు కాదు. వార్షికోత్సవం నాడు తల్లిదండ్రులందరికీ కలిపి వండడం ప్రాజెక్టు. ప్రతి ప్రాజెక్టులో మూడు సంగతులు ఉంటాయి: ఎంత పని చేయాలి, ఎంత కాలంలో చేయాలి, ఎంత డబ్బు, ఎంతమంది మనుషులు. మూడింటినీ ఒకేసారి బిగించి కట్టలేము, ఏదో ఒకటి వదులుగా ఉండాలి.

మేడారం జాతర సంగతి చూడండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గర వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగింది. రోడ్డు కాలేదని సమ్మక్క తల్లిని ఇంకో వారం ఆగి రమ్మని ఎవరైనా అడుగుతారా? తేదీ కదలదు. కాబట్టి తాగే నీళ్లు, జంపన్నవాగు దగ్గర స్నానాలకు ఏర్పాటు, బండ్లు పోయే దారి ముందు కావాలి. కమానులకు రంగులు సమయం మిగిలితే వేసుకోవచ్చు. వైజ్ఞానిక ప్రదర్శన కూడా అంతే, తేదీ మన చేతిలో లేదు. మేము ముందు కమానుకు రంగు వేసుకున్నాము. మా చార్టు అంత అందమైన చార్టు ఆ హాలులోనే లేదు!

పాత పద్ధతి, మా లెక్క

పనులను గీతలుగా గీసి ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో చూపే పటమును గాంట్ చార్టు అంటారు. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజినీరు పేరు మీద వచ్చింది, వందేళ్ల పైమాటే. తర్వాత 1957లో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీలో ఇంకో లెక్క పుట్టింది. దాని పేరు క్రిటికల్ పాత్ పద్ధతి. 1958లో అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణి కోసం ఇటువంటిదే ఇంకొకటి తయారుచేసింది, దానిని పెర్ట్ అంటారు. పేర్లు చూసి భయపడవద్దు. మన ఏడో తరగతి కూడికలే.

ఒకదాని తర్వాత ఒకటి తప్పక జరగాల్సిన పనులను గొలుసుగా రాయాలి. అన్నిటికన్నా పొడుగు గొలుసు ఏదో అదే క్రిటికల్ పాత్. ఆ గొలుసులో ఒక్క రోజు ఆలస్యమైతే మొత్తం పని ఒక రోజు ఆలస్యము. మిగతా గొలుసులలో కొంత ఆలస్యమైనా ఫరవాలేదు. మా పంపుకు అన్న నాతోనే లెక్క వేయించిండు.

పట్నం నుండి వాల్వు సామాను తెప్పించుట 6 రోజులు. అమర్చి, గమ్ ఆరనిచ్చుట 2 రోజులు. నీళ్లు పోసి చూచుట 2 రోజులు. కారిన చోట సరిచేసి మళ్లీ చూచుట 4 రోజులు. మొత్తం 14 రోజులు.

చార్టు 3 రోజులు, దానిని చూస్తూ ఉపన్యాసము నేర్చుకొనుట 4 రోజులు. మొత్తం 7 రోజులు.

అంటే చార్టు, ఉపన్యాసము ఏడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టినా ఏమీ కాదు. వాల్వు మాత్రం మొదటి రోజే మొదలు కావాలి. మేము ఏం చేశాము? మొదటి వారమంతా నలుగురం చార్టు చుట్టూ కూర్చున్నాము. వాల్వు సామాను కోసం చీటీ రాసిచ్చింది తొమ్మిదో రోజు. సామాను పదిహేనో రోజు వచ్చింది, ప్రదర్శన పద్దెనిమిదో రోజు. అమర్చడానికే రెండు రోజులు పోయాయి. నా మిత్రునికి చూసుకోవడానికి, సరిచేసుకోవడానికి ఆరు రోజులు కావాలి. మేము వానికి ఇచ్చింది ఒక్క రాత్రి. ఇది చదివిన తర్వాత కూడా తప్పు వానిది అనేవారు ఎవరైనా ఉంటే నాతో మాట్లాడగలరు.

ఆ రాత్రి ఇంకొక చిత్రం కూడా జరిగింది. పంపు పని చేయడం లేదని తెలిసి తొమ్మిదో తరగతి వాళ్లు ఎనిమిది మంది సాయానికి వచ్చారు. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది, ఒక్కొక్కరిదీ ఒక సలహా. పన్నెండు చేతులు ఒక గొట్టం మీద పడినయి. ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 1975లో ఈ సంగతే ఒక పుస్తకంలో రాశాడట: ఆలస్యమైన ప్రాజెక్టులోకి మనుషులను పెంచితే అది ఇంకా ఆలస్యమవుతుంది. సాయానికి వచ్చిన అన్నలు ఏమీ అనుకోవద్దు, మీ మనసు మంచిదే.

ఎజైల్ పద్ధతి

పటము గీసుకుంటే చాలు కదా, మరి వేరే పద్ధతి ఎందుకు అని నేను అడిగాను. అన్న ఏమన్నాడంటే, వంతెన కట్టేవాడికి వంతెన ఎట్లా ఉండాలో ముందే తెలుసు. కంప్యూటర్ ప్రోగ్రాము చేయించుకునేవాడికి తనకు ఏం కావాలో సగమే తెలుసు. చేతిలో పెట్టి చూపించాకనే "ఇట్ల కాదు, అట్ల" అంటడు. ఒక సంవత్సరం ప్లాను రాసి, ఒక సంవత్సరం చేసి, చివర్లో చూపిస్తే అప్పుడు "ఇట్ల కాదు" అంటే రెండేళ్లు నీళ్లపాలు. మెట్ల మీది నీళ్లలాగా పై మెట్టు పని మొత్తం ముగిశాకనే కింది మెట్టుకు దిగే ఈ పద్ధతిని వాటర్‌ఫాల్ అంటారు, అనగా జలపాతము. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే ఆయన ఒక వ్యాసములో ఈ మెట్ల పటము గీసి, ఇది ప్రమాదకరమని, పరీక్ష చివరికి పెడితే దెబ్బ తింటారని కూడా రాశాడు. చాలామంది పటము తీసుకున్నారు, హెచ్చరిక వదిలేశారు. నోట్సులో బొమ్మ మాత్రమే దించుకునే వాళ్లు అన్ని దేశాలలోనూ ఉంటారన్నమాట.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచు కొండల మీద పదిహేడు మంది ప్రోగ్రాము రాసేవాళ్లు కలుసుకొని ఒక చిన్న ప్రకటన రాశారు. ఎజైల్ అనగా చురుకైనది, సులువుగా మలుపు తిరిగేది అని అర్థము. వాళ్లు చెప్పినవి నాలుగు మాటలు. పద్ధతులు, పనిముట్ల కన్నా మనుషులు, వాళ్ల మధ్య మాట ముఖ్యము. కట్టల కొద్దీ కాగితాల కన్నా పని చేసే వస్తువు ముఖ్యము. ఒప్పందం మీద బేరాల కన్నా వాడేవానితో కలిసి పని చేయడం ముఖ్యము. ప్లానును పట్టుకొని వేలాడడం కన్నా మార్పుకు తగినట్టు మారడం ముఖ్యము. ప్లాను వద్దని, కాగితాలు వద్దని వాళ్లు అనలేదు. రెండూ ఉన్నప్పుడు ముఖ్యమన్నదానికి ఎక్కువ విలువ ఇస్తామన్నారు. దీనిని చాలామంది "ప్లాను లేకుండా చేయడమే ఎజైల్" అని చెప్పుకుంటారని అన్న నవ్విండు.

ఎజైల్‌లో చాలా రకాలున్నాయి. ఎక్కువగా వాడేది స్క్రమ్. ఆ మాట రగ్బీ ఆటలోనిది. ఆటగాళ్లు భుజాలు కలిపి ఒక్కటిగా తోస్తారు, మన కబడ్డీలో చైను పట్టినట్టు అనుకోండి. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ అనే ఇద్దరు 1995లో దీనిని అందరి ముందు పెట్టారు. దీనిలో చేయవలసిన పనులన్నీ ముఖ్యమైనది పైన వచ్చేటట్టు ఒక పట్టీగా రాస్తారు. దాని పేరు బ్యాక్‌లాగ్. (ఇంజినీరింగ్ చదివే అన్నలకు బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు. రెండూ నెత్తిమీది బరువే.) ఆ పట్టీ పైనుండి కొన్ని పనులు తీసుకొని ఒక నెలకు మించని గడువులో, మామూలుగా రెండు వారాలలో, పూర్తిగా చేస్తారు. ఆ గడువును స్ప్రింటు అంటారు. రోజూ పావుగంట కలుసుకొని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ అడ్డం పడింది అని చెప్పుకుంటారు. గడువు చివర పని చేసే ముక్కను వాడేవాళ్లకు చూపిస్తారు. ఆ తర్వాత వాళ్లలో వాళ్లు కూర్చొని మనం పని చేసే తీరులో ఏది బాగుంది, ఏది బాగాలేదు అని మాట్లాడుకుంటారు.

ఈ చివరి కూర్చోవడమే నాకు అన్నిటికన్నా నచ్చింది. మేము ఆ బస్సులో మాట్లాడుకొని ఉండాల్సింది. బహుశా అదే మేము చేసిన పెద్ద తప్పు.

అయితే ఆఫీసులలో అంతా బాగా జరుగుతుందని కూడా అనుకోవద్దు. ఒక ఆఫీసులో పావుగంట మీటింగు గంట నడిచేదట, పెద్దసారు ఒక్కొక్కరినీ నిలబెట్టి ప్రశ్నలు వేసేవాడట. అప్పుడు ఎవరూ అడ్డంకి సంగతి నోరు విప్పరు, అందరూ "నడుస్తుంది సార్" అంటరు. అడ్డంకి చెప్పినవానికి తిట్లు పడేచోట ఏ పద్ధతి పెట్టినా ఒక్కటే.

తలుపు మీది చీటీలు

అన్న రూములో నలుగురుంటరు. తలుపు మీద సుద్దతో మూడు గడులు గీసిన్రు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. గ్యాస్ బుక్ చేయుట, బియ్యం తెచ్చుట, నీళ్ల క్యాను, కరెంటు బిల్లు అని చీటీలు. ఎవరు ఏ పని పట్టుకుంటే ఆ చీటీ మీద వాళ్ల పేరు రాసి పక్క గడికి జరపాలి. ఒక్కరి పేరు మీద ఒకేసారి రెండు చీటీల కన్నా ఎక్కువ ఉండకూడదు. "బాత్‌రూమ్ నల్లా బాగు" అనే చీటీ నేనున్న పది రోజులూ "చేస్తున్నవి"లోనే ఉన్నది. దానిమీద ఎవరి పేరు ఉందో రాయను.

ఈ చీటీల పద్ధతి కంప్యూటర్లది కాదు. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో తాయిచి ఓనో అనే ఇంజినీరు తెచ్చింది. పేరు కాన్‌బాన్. ముందు అట్టలో సామాను అయిపోయాకనే వెనకవాళ్లకు చీటీ పోతుంది, అప్పుడే కొత్త సామాను తయారు చేస్తారు. అవసరం లేని సామాను గుట్టపడదు. మన గోడపత్రికకు మొత్తం ముగ్గులు, జోకులు ముందే వచ్చి, పాఠం రాసేవాళ్లు లేక సంచిక ఆగిపోయేది కూడా ఇటువంటిదే.

మెట్రో రైలు

ఒక సాయంత్రం అన్న నన్ను మియాపూర్‌లో మెట్రో ఎక్కించిండు. లింగంపల్లి నుండి మియాపూర్ దగ్గరే. అంతెత్తున స్తంభాల మీద రైలు. కింద బస్సులు, ఆటోలు అగ్గిపెట్టెల్లాగా కనబడ్డయి.

ఈ మెట్రో ఒక్కసారి తెరవలేదు. 2008లో ఒక సంస్థకు ఇచ్చిన పని 2009లో రద్దయింది. 2010లో ఎల్ అండ్ టి తో కొత్త ఒప్పందము జరిగింది. 2017 నవంబర్ 28న మియాపూర్ నుండి అమీర్‌పేట మీదుగా నాగోలు వరకు 30 కిలోమీటర్లు ప్రారంభించి, మరునాటి నుండి జనాన్ని ఎక్కించారు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట – ఎల్.బి.నగర్. 2019 మార్చి 20న అమీర్‌పేట – హైటెక్ సిటీ. అదే సంవత్సరం నవంబర్ 29న రాయదుర్గం. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్ – మహాత్మాగాంధీ బస్‌స్టేషన్. మొత్తం 69 కిలోమీటర్లు. పాతబస్తీలో ఫలక్‌నుమా వరకు పోవలసిన ముక్క మాత్రం ఆ దశలో పడలేదు.

హైటెక్ సిటీ ముక్క తెరిచిన రోజున రైలు వెనుదిరిగే ఏర్పాటు అక్కడ లేదు. అది రాయదుర్గం దగ్గర ఉన్నది, అక్కడికి పని ఇంకా కాలేదు. కాబట్టి కొసకు కొంత దూరం ఒక్కొక్క పట్టాను ఒంటి దారిలాగా వాడి, వచ్చిన పట్టా మీదే రైలును తిప్పి పంపారు. రైళ్లు ఆలస్యంగా వచ్చేవి. దారిలో కొన్ని స్టేషన్లు కూడా తయారు కాలేదు, రైలు ఆగకుండా పోయేది. తర్వాత ఒక్కొక్కటి తెరిచారు. అయినా ఎనిమిది నెలలు ఆఫీసులకు పోయేవాళ్లకు రైలు దొరికింది కదా!

అయితే దీనిని ఎజైల్ అనవచ్చా? అన్న అనవచ్చు అన్నడు. నేను ఒప్పుకోలేదు. ముక్కలుగా తెరవడం వరకు నిజమే. కాని స్తంభం పోసిన తర్వాత "ఇట్ల కాదు, పది గజాలు పక్కకు" అంటే కుదరదు. అక్కడ ముందే కొలవాలి, పటము గీయాలి, క్రిటికల్ పాత్ లెక్క వేయాలి. తప్పు చేస్తే మార్చడానికి ఎంత ఖర్చవుతుంది అన్నదాన్ని బట్టి పద్ధతి ఎంచుకోవాలి అని నా అభిప్రాయము. సిమెంటుకు పాత పద్ధతి, వాల్వు రబ్బరుకు కొత్త పద్ధతి. రబ్బరు బిళ్లను ఒక రోజులో పది రకాలుగా కోసి చూడవచ్చు. మేము ఒకే రకంగా, ఒకేసారి కోశాము.

ఈ సంవత్సరము పంపు

ప్రదర్శనకు ఇంక 5 వారాలు ఉన్నది. ప్రతి వారానికీ చేతితో పట్టుకొని చూపించగలిగినది ఒకటి ఉండాలి అని పట్టీ రాశాను.

మొదటి వారము ఒక్క వాల్వు మాత్రమే. దానంతట అదే 50 సార్లు టక్ టక్ మని మూసి తెరుచుకుంటే అయినట్టు, లేకుంటే కానట్టు. రెండో వారము రెండో వాల్వు, ప్లాస్టిక్ సీసాతో గాలి గది కలిపి, నీరు ట్యాంకు మట్టం కన్నా జానెడు పైకి ఎక్కాలి. మూడో వారము మనిషెత్తు పైకి. నాలుగో వారము చెక్క పీట, చార్టు, ఉపన్యాసము. ఐదో వారము ఖాళీ, ఏదో ఒకటి తప్పకుండా చెడుతుంది కాబట్టి. ఒకవేళ మూడో వారము పని కాకపోయినా జానెడు ఎక్కించే పంపు మన చేతిలో ఉంటుంది. జానెడైనా నీరు మట్టం దాటి పైకి పోతే అది పంపే.

వార్డెన్ గారికి మనవి: ప్రతి శనివారం సాయంత్రం ఒక గంట వెనక ట్యాంకు దగ్గర నల్లా వాడుకోనివ్వగలరు. నీళ్లు వృథా అవుతాయని మీరు అంటారని తెలుసు సార్. కిందికి పోయే నీటికి కాలువ తీసి వంకాయ మడికి మళ్లిస్తాము, పోయిన సోమవారమే కొలిచి చూశాము, వాలు సరిపోతుంది. సామాను చీటీ ఇవ్వాళే ఇస్తున్నాము. ఈ గొలుసులో మొదటి కడియం అదే.

ఈ పత్రిక పక్కన గోడ మీద మూడు గడులు గీసి ఉన్నవి. చీటీలు రాసి అంటించాను. శనివారం ఏదైనా కారితే, ఆగితే, ఎవరి తప్పు అని కాకుండా ఏది ఆగింది అని ఎర్ర పెన్నుతో చీటీ రాసి పెట్టండి, ఎవరైనా రాయవచ్చు. "మొదటి వాల్వు, 50 సార్లు" అన్న చీటీ మీద పేరు రాసే చోటు ఖాళీగా ఉంచాను. ఆ చోటు ఎవరికోసమో వానికి తెలుసు. నేను గొట్టాలు పట్టుకుంటాను.

– పదవ తరగతి విద్యార్థి